జానెడు రెక్క

అనగనగా అందామంటే ఇందులో రాజు లేడు. రాజుకు కొడుకులూ లేరు, వాళ్లు వేటకూ వెళ్లలేదు. ఉన్నదల్లా ఒక మగ్గం, ఒక విమానం. ఆ రెంటికీ మధ్య చౌడమ్మ అని ఒక మనిషి. ఎప్పటి మాట అని మాత్రం అడక్కండి. నాకు మా అమ్మమ్మ చెప్పింది. ఆవిడకు ఎవరు చెప్పారో ఆవిడకే గుర్తు లేదు.

సముద్రానికి కోసెడు దూరంలో ఒక నేతపేట ఉండేది. రెక్కాడితే గానీ డొక్కాడని పేట అది. చౌడమ్మకు నాలుగేళ్లప్పుడు కార్తీక మాసంలో ఆ పేట మీదికి ఉప్పెన వచ్చింది. మూడు పగళ్లు, మూడు రాత్రులు చౌడమ్మ తాటాకు కప్పు మీద నాయనమ్మ ఒళ్లో కూర్చుంది. చుట్టూ నీళ్లే. తాగడానికి మాత్రం చుక్క లేదు. నాలుగో పొద్దున మబ్బుల్లోంచి ఒక పెద్ద పక్షి వచ్చింది. రొద చేసుకుంటూ వచ్చి, పేట చుట్టూ మూడుసార్లు తిరిగి, మూటలు జారవిడిచింది. మూటల్లో అటుకులు, బెల్లం, లేత కొబ్బరిబొండాలు. అవి తిని, తాగి పేట బతికింది.

అది పక్షి కాదు, విమానమని చౌడమ్మకు పెద్దయ్యాక తెలిసింది. తెలిస్తే మాత్రం?

"పక్షో, విమానమో! నా నోట్లో ముద్ద పెట్టింది. నాకది అమ్మతో సమానం" అనేది.

కాలం తిరిగింది. విమానం ముసలిదైంది. దాన్ని పేట పక్కన బీడులో వదిలేసి పోయారు. రెక్కల మీది గుడ్డ చీకిపోయింది. లోపల పిచ్చుకలు కాపురం పెట్టాయి. అప్పుడు మస్తాన్ సాయిబు అనే మెకానిక్ దాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. ఊళ్ల వెంట తిరిగి ఆయిలింజన్లు బాగుచేసేవాడు. వచ్చిన కూలితో విమానానికి ఒక్కో ముక్కా తెచ్చి అమర్చేవాడు. నడపడం కూడా ఎక్కడికో పోయి నేర్చుకొచ్చాడు. పిల్లనిస్తామని వచ్చినవాళ్లు ఆ విమానాన్ని చూసి, వచ్చిన దారినే పోయారు. అయినా వదల్లేదు. పన్నెండేళ్లకు ఇంజను తిరిగింది.

ఇంజను తిరిగాక బీడు సొంతదారుకు ఆ బీడు గుర్తొచ్చింది. ఆయన రైసుమిల్లు షావుకారు.

"సాయిబూ, ఏటా ఉప్పెన వచ్చిన రోజున ఇది ఒక్కసారి ఎగరాలి. ఎగిరిన ఏడు నీ జోలికి రాను. ఎగరని ఏడు పాత ఇనుము కింద తూచేస్తా" అన్నాడు.

కార్తీకానికి మూడు నెలలుంది. మస్తాన్ బజారు గుడ్డ కొనుక్కొచ్చి రెక్కలకు బిగించాడు. విమానం బీడులో పరుగు తీసిందో లేదో, గుడ్డ పర్రుమని చిరిగింది. మస్తాన్ నేరుగా చౌడమ్మ అరుగు మీదికొచ్చి కూలబడ్డాడు.

"పెట్రోలు నేను పోసుకుంటా చెల్లెమ్మా. గుడ్డ నా వల్ల కావడం లేదు."

చౌడమ్మ మొగుడు పోయిన మనిషి. ఒక మగ్గం, ఒక పొట్ట. కొంగు బిగించి ఇల్లిల్లూ తిరిగింది.

"ఇంటికి జానెడు గుడ్డ ఇవ్వండమ్మా. జానెడే కదా!" అంది.

మొదటి ఇంట్లో అంకమ్మ నవ్వింది. "జానెడు పొట్టకే దిక్కు లేదు చౌడా, జానెడు రెక్కకు ఎక్కణ్ణించి తెమ్మంటావ్?"

రెండో ఇంట్లో వీరన్న విసుక్కున్నాడు. "జానెడు పొట్టకే దిక్కు లేదు, జానెడు రెక్కకా?"

మూడో ఇంటివాళ్లు తలుపే తియ్యలేదు. లోపల్నుంచే అదే మాట అన్నారు.

వాళ్లను అని లాభం లేదు. ఆ పేటలో ఆకలి ఎవరికీ తక్కువ లేదు. చౌడమ్మ ఇంటికొచ్చి ఒక్కపొద్దులు మొదలుపెట్టింది. సోమవారం ఒక్కపొద్దు, గురువారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు. మిగిలిన బియ్యం అమ్మి నూలు కొంది.

"ఏ దేవుడికే ఇన్ని ఒక్కపొద్దులు?" అని అడిగింది అంకమ్మ.

"రెక్కల దేవుడికి" అంది చౌడమ్మ. పేటంతా పడీ పడీ నవ్వింది.

నేత మొదలుపెట్టే రోజున మస్తాన్ వచ్చాడు. "తెల్లగా, సాదాగా నెయ్యి చెల్లెమ్మా. అంచు వద్దు. అంచు బరువు" అన్నాడు.

చౌడమ్మ చెయ్యి ఆగిపోయింది. "అంచు లేని గుడ్డ పాడె మీద వాళ్లకు కప్పుతారన్నా. బతికి ఎగిరేదానికి కప్పుతామా?"

"అది యంత్రం. దానికి చావేమిటి, బతుకేమిటి?"

చౌడమ్మ మనసు చంపుకుని అంచు లేకుండా నేసింది. మస్తాన్ దాన్ని కత్తిరించి, కుట్టి, గంజి లాంటి మందు పూసి, డప్పు తోలులా బిగించాడు. ఈసారి గుడ్డ చిరగలేదు. కానీ గాలి కొట్టేసరికి కత్తిరించిన చోటల్లా పోగు ఊడింది. పోగు వెంట పోగు ఊడి, బీడు నిండా దారాలే. ఇంకా ఇరవై రోజులే ఉంది. మస్తాన్ ఆ దారాల మధ్య కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"లే అన్నా. ఈసారి నా మాట విను" అంది చౌడమ్మ. నూలుకు ఒక్కపొద్దులు చాలలేదు. చెవుల దిద్దులు తీసిచ్చింది. రెండు వైపులా వేలెడు ఎర్రంచు పెట్టి నేసింది. అంచున పోగు మళ్లీ వెనక్కి తిరుగుతుంది, ఊడి ఎక్కడికీ పోదు. అది నేతపని తెలిసిన ఎవరికైనా తెలుసు. మస్తాన్ పన్నెండేళ్లు ఇనుముతో గడిపినవాడు, పాపం అతనికేం తెలుస్తుంది! ఈసారి కత్తిరించకుండా అంచు పక్కన అంచు చేర్చి కుట్టాడు.

ఉప్పెన వచ్చిన రోజున విమానం ఎగిరింది. మెల్లగా, నిద్దట్లో నడిచినట్టు ఎగిరింది. ఎర్రంచు రెక్కల గుండా ఎండ దిగి, పేట మీద లేత ఎరుపు నీడ పడింది. ఆరబెట్టిన పడుగుల మీదుగా, ఎత్తిన మొహాల మీదుగా ఆ నీడ జారిపోయింది. మస్తాన్ పైనుంచి గుప్పిళ్లతో అటుకులు చల్లాడు. చౌడమ్మ నోరు తెరుచుకుని నిలబడింది, నాలుగేళ్ల పిల్లలా.

ఎండా ఉప్పుగాలీ రెక్కల గుడ్డను ఏడాదికే తినేసేవి. ఏటా చౌడమ్మ ఒక్కపొద్దులుండేది. ఏటా నేసేది. ఏటా విమానం ఎగిరేది. మస్తాన్ ఆమెను మూడుసార్లు ఎక్కమని పిలిచాడు. ఒకసారి వయసులో, ఒకసారి జుట్టు నెరిశాక, ఒకసారి నడుం వంగాక. మూడుసార్లూ ఒకటే జవాబు.

"నేనెందుకన్నా? నా గుడ్డ పోతోందిగా."

ఒక ఏడు ఆశ్వయుజంలో, సగం నేత మీద, చౌడమ్మ మగ్గానికి తల ఆనించింది. మళ్లీ ఎత్తలేదు.

పెద్దకర్మ అయింది. ఉప్పెన రోజుకు వారం మిగిలింది. షావుకారు మాట మీదే నిలబడ్డాడు. పాత ఇనుము బండి, కాటా వచ్చి బీడు పక్కన ఆగాయి. మస్తాన్ కూడా ముసలివాడైపోయాడు. పేటకొచ్చి చౌడమ్మ అరుగు మీద కూర్చున్నాడు. ఎవర్నీ ఏమీ అడగలేదు.

అంకమ్మ బయటికొచ్చింది. ఆమె చూపూ ఆనదు, మోకాళ్లూ వంగవు. మగ్గం మీది ఆ సగం గుడ్డ కేసి చూసింది.

"మా కళ్లముందే పస్తులుండి నేసిందయ్యా సాయిబూ. దేవుడి ఒక్కపొద్దని మేం నవ్వాం" అని భోరుమంది. ఏడుస్తూనే మగ్గం గుంటలోకి దిగింది. పోగు నడిపే నాడె అందుకుంది.

"ఎక్కువ నెయ్యలేను. జానెడే" అంది.

జానెడు నేసి లేచింది. వీరన్న దిగాడు, జానెడు నేశాడు. ఆనాడు తలుపు తియ్యని ఇంటివాళ్లు దిగారు, జానెడు నేశారు. పడుగు అయిపోతే తలా ఇంత నూలు తెచ్చి కొత్త పడుగు ఎక్కించారు. ఒకరి చెయ్యి గట్టిది, ఒకరిది వదులు. ఆ తేడా గుడ్డలో తెలుస్తూనే ఉంది. అంచు మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే ఎరుపు. అన్న రోజుకు విమానం ఎగిరింది. బండి ఖాళీగా వెనక్కి పోయింది.

మస్తాన్ తర్వాత అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్లు నడిపారు. వాళ్ల తర్వాత ఇంకెవరో. విమానం మాత్రం ఎగరడం మానలేదు. చౌడమ్మ మగ్గాన్ని ఆ పేటలో ఇప్పటికీ ఎవరూ సొంతానికి వాడరు. శ్రావణంలో దాని మీద ఎర్రంచుతో తెల్లటి పడుగు ఎక్కిస్తారు. ఇంటికొకరు వచ్చి జానెడు నేసి పోతారు. పేటకు కొత్తకోడలు వస్తే ఆ జానెడు నేశాకే అత్తారింటి మగ్గం ముట్టుకుంటుంది. ఎవరైనా సాయం అడిగితే "నా వల్ల ఏమవుతుంది?" అని నసిగేవాళ్లను, "జానెడే కదా!" అని పెద్దవాళ్లు ఇంకా గదమాయిస్తారు.

కార్తీకంలో ఆ రోజున పేటంతా మగ్గాలు ఆపి వీధిలోకొస్తుంది. విమానం వస్తుంది, ఎర్రంచు నీడ ఇంటింటి మీదుగా జారిపోతుంది. అంత ఎత్తున ఎవరి జానెడు ఎక్కడుందో ఎవరికి కనబడుతుంది? అయినా ప్రతి ఇంటివాళ్లూ చంకలో పిల్లను పైకెత్తి, వేలు పెట్టి చూపిస్తారు.

"అదుగో, అది మనది."