రాజుగారి చిలుకకు చెప్పుల కొలత

ఒకానొక రాజ్యంలో రాజుగారికంటే రాజుగారి బిరుదులే ముందు నడిచేవి. ప్రతాపమార్తాండ మహారాజు కొలువుకు బయలుదేరారంటే చాలు, ఆయనింకా మెట్లు దిగకముందే నూట ఎనిమిది బిరుదులు చదవడం మొదలయ్యేది. అవన్నీ పూర్తయ్యేదాకా రాజుగారు సింహాసనం ముందు నిటారుగా నిలబడతారు. ఆయన కూర్చునేదాకా సభలో ఎవరూ కూర్చోరు. ఆ బిరుదులన్నిటిలోకీ ఆయనకు ప్రాణమైనది ముప్పై మూడోది. "అశ్రాంతపాద!" అంటే, అలుపెరగని పాదాలవాడు. అది వినబడగానే రాజుగారి మీసం దానంతటదే లేచేది.

ఆ అలుపెరగని పాదాలకు చెప్పులు కుట్టేది గురవమ్మ. కోట వాకిలి పక్కన చిన్న పందిరి, పందిరి కింద చాప, చేతిలో తోలు గుచ్చే ఆరె, దారం. మొగుడు పోయిన నాటినుంచి ఇరవై ఏళ్లుగా అదే ఆమె లోకం. అరిగిన చెప్పు ఒకటి చేతికిస్తే, ఆ మనిషి ఏ కాలి మీద బరువు వేస్తాడో, ఎక్కడ నొప్పి దాచుకుంటాడో చెప్పగలదు. రాజుగారి కుడి బొటనవేలి కింద ఆనెకాయ ఉందని కూడా ఆమెకు తెలుసు. అందుకే ఆయన చెప్పుల్లోపల, ఎవరికీ కనబడకుండా, మెత్తని మేకతోలు మడిచి, మధ్యలో దూది పెట్టి కుట్టేది. ఆ మాట ఇరవై ఏళ్లలో ఎవరితోనూ అనలేదు. అంటే ముప్పై మూడో బిరుదు ఏంకావాలి?

ఆ కోటలో ఒక వింత నియమం ఉండేది. రాజవంశంవాళ్ల ఒంటిని పరాయివాళ్లు తాకకూడదు. వైద్యుడైనా సరే, తెర ఇవతల కూర్చుని, వాళ్ల మణికట్టుకు కట్టిన పట్టుదారం కొస పట్టుకునే నాడి చూడాలి. ఇక రాజుగారి అరికాలంటారా, దాన్ని చూడటమే మహాపరాధం. ఒక్కరికే మినహాయింపు. చెప్పులు కుట్టేవాళ్లు కొలత తీసుకోవచ్చు. లేకపోతే చెప్పులెలా వస్తాయి మరి!

రాజుగారికొక చిలుక ఉండేది. గురవమ్మ కూతురు ఎర్రక్క దాన్ని పిల్లప్పటినుంచీ ఒళ్లో పెట్టుకుని సాకింది, పండూ అని పిలుచుకునేది. ఎంత తెలివైన పిట్టంటే, నూట ఎనిమిది బిరుదులూ ఒక్కటి కూడా తప్పకుండా అప్పజెప్పేది. రాజుగారు పొంగిపోయి దానికీ ఒక బిరుదు ఇచ్చేశారు. 'శుకసార్వభౌముడు!' తాను దగ్గరుండి బంగారు పంజరం చేయించారు. అందులో కూర్చోవడానికి అద్దంలా నున్నగా, ఈ చివరనుంచి ఆ చివరకు ఒకే లావున బంగారు కడ్డీ వేయించారు. తినడానికి బాదంపప్పు, నేతిలో వేయించిన జీడిపప్పు.

బిరుదుతోపాటు నియమమూ వచ్చింది. ఆ రోజునుంచి సాకిన ఎర్రక్క కూడా పిట్టను ముట్టుకోవడానికి లేదు. పంజరం తుడవాలి, గిన్నెలు నింపాలి, దణ్ణం పెట్టి పక్కకు రావాలి.

రెండేళ్లు గడిచాయి. చిలుక ఒక కాలు ఎత్తిపెట్టి నిలబడటం మొదలుపెట్టింది. కాసేపటికి ఆ కాలు దించి రెండోది ఎత్తేది. బిరుదులు సగంలో ఆపేసేది. చివరికి పంజరం అడుగున పొట్ట ఆనించి పడుకుండిపోయింది.

రాజవైద్యుడు భావనాశాస్త్రి వచ్చాడు. పట్టుదారం ఒక కొస పంజరం కొక్కేనికి కట్టించి, రెండో కొస పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

"వాతం ప్రభూ! నల్లమేక పాలు పట్టించాలి" అన్నాడు.

పట్టించారు. తగ్గలేదు. మళ్లీ దారం పట్టుకుని చూసి, "వాతమే. కాకపోతే మొండి వాతం" అన్నాడు. మూడోసారికి ఆయనకు కోపమొచ్చి, "నా వైద్యంలో లోపం లేదు ప్రభూ. సాకేవాళ్ల చేతిలోనే ఏదో లోపముంది" అనేశాడు.

రాజుగారు ఎర్రక్కవైపు చూశారు. "నెలరోజుల్లో దసరా కొలువు. పరదేశపు రాయబారులు వస్తున్నారు. వాళ్ల ముందు శుకసార్వభౌముడు నిలబడి బిరుదులు చదవాలి. చదవకపోతే నువ్వీ రాజ్యం పొలిమేర దాటి పోవాలి" అన్నారు.

ఎర్రక్క ఏడ్చుకుంటూ తల్లి పందిరి కిందికొచ్చి కూలబడింది.

"నేనేం చేశానే అమ్మా? ముట్టుకోనన్నా ముట్టుకోనివ్వకపోయిరి. దాని నొప్పేంటో నేనెట్టా చూసేది?"

"నువ్వు సరే, ఆ శాస్త్రులవారు కాలు ఎత్తి చూశారా?"

"ఎవరు చూస్తారమ్మా! సార్వభౌముడి అరికాలు చూస్తే తల తీసేస్తారు."

గురవమ్మ చేతిలోని ఆరె పక్కన పెట్టింది. "కాలి జబ్బుకి కాలు చూడకుండా మందా? ఊరుకో, ముక్కు తుడుచుకో. ఈ కోటలో అరికాళ్లు చూసే హక్కు ఒక్కదానికే ఉంది. అది నీ అమ్మ" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మెడ కాస్త నిటారైంది.

మర్నాడు కొలువులో గురవమ్మ చేతులు జోడించి నిలబడింది.

"మహాప్రభూ, ఏలినవారి కాళ్లకు చెప్పులున్నాయి. శుకసార్వభౌములవారు మాత్రం వట్టికాళ్లతో ఉన్నారు. సెలవిస్తే కొలత తీసుకుంటాను."

సభ గొల్లుమంది. భావనాశాస్త్రి మూతి తిప్పాడు. "చెప్పులు కుట్టేదానివి, నీకు రోగాల సంగతేం తెలుసమ్మా?"

"రోగాలు తెలీవు స్వామీ. కాళ్లే తెలుసు."

రాజుగారికి మాత్రం చిలుక చెప్పులేసుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోగానే ముచ్చటేసింది. "కానీ!" అన్నారు.

కొలతకు కదలకుండా ఎర్రక్క మెత్తని తువాలులో చిలుకను చుట్టి, గుండెకానించి పట్టుకుంది. రెండేళ్ల తర్వాత ఆ చేతులు తగిలేసరికి పండు కిమ్మనకుండా ఒదిగిపోయింది. గురవమ్మ కొలత తాడు తీసి, చిన్ని కాలును చూపుడువేలి మీద ఎత్తి పట్టుకుంది.

అరికాలి మధ్యన, సరిగ్గా బరువు ఆనే చోట, చర్మం గరుకు పోయి నున్నగా మెరుస్తోంది. దాని మధ్య శనగబద్దంత ఎర్రని వాపు, వాపు మీద నల్లని పొక్కు. రెండో కాలూ అంతే. గురవమ్మ పంజరంలోకి చెయ్యి పెట్టి బంగారు కడ్డీని వేలితో ఒకసారి నిమిరింది. గట్టిది, నున్ననిది. ఎక్కడ పట్టుకున్నా ఒకే లావు. పగలూ రేయీ ఆ కాలు మీద అదే చోట అదే ఒత్తిడి!

తెలిసిపోయింది. కానీ చెప్పేదెలా? ఆ కడ్డీ వేయించింది సాక్షాత్తూ రాజుగారు. కడ్డీలో తప్పుందంటే రాజుగారిలో తప్పున్నట్టే. అప్పుడు కూతురితో పాటు తనూ పొలిమేర దాటాలి.

గురవమ్మ తాడు చుట్టి, తల వంచుకుని నిలబడింది.

"ఏం గురవమ్మా, కొలత కుదరలేదా?" అన్నారు రాజుగారు.

"కుదిరింది ప్రభూ. కానీ పంజరం చూశాక నాకే సిగ్గేసింది. పిట్టగారేమో మేలిమి బంగారం మీద నిలబడుతున్నారు. పిట్టగారిని పెంచిన ప్రభువులేమో నేను కుట్టిన తోలు మీద నిలబడుతున్నారు. రేపు రాయబారులు చూస్తే ఏమనుకుంటారు?"

రాజుగారు తన చెప్పులవైపు చూసుకున్నారు. ఆయనకు ఇన్నాళ్లూ ఈ ఆలోచనే రాలేదు. "నిజమే! నిజమే సుమా! నాకూ బంగారమే కావాలి" అన్నారు.

"నమూనా నేనిస్తాను ప్రభూ. శుకసార్వభౌములు నిలిచే కడ్డీ ఎలా ఉందో, ఏలినవారి పాదుకల మీదా అచ్చం అలాగే, అంత నున్నగా, అంత గుండ్రంగా అడ్డంగా ఒక కడ్డీ ఉండాలి. ఏలినవారి పాదానికి తగ్గ లావున. ఇంకొకరైతే వాటి మీద నిలబడలేరేమో. తమరు అశ్రాంతపాదులు!"

మీసం లేచింది.

అయిదో రోజుకు కంసాలులు పాదుకలు తెచ్చారు. చూసేవాళ్ల కళ్లు చెదిరాయి. దసరా కొలువుకు ముందొకసారి నడిపించి చూద్దామని సభ చేశారు. రాజుగారు పాదుకలెక్కి సింహాసనం ముందు నిలబడ్డారు. బిరుదులు మొదలయ్యాయి.

పదో బిరుదుదాకా చిరునవ్వు. ఇరవైదాకా పెదవులు బిగిశాయి. ముప్పై మూడోది, "అశ్రాంతపాద!" అని చదివేటప్పటికి రాజుగారు కుడికాలు నెమ్మదిగా ఎత్తి గాలిలో పెట్టారు. నలభైకి అది దించి ఎడమకాలు ఎత్తారు.

"కాస్త త్వరగా చదవవయ్యా!" అన్నారు పళ్లబిగువున.

యాభై ఆరో బిరుదు దగ్గర ఇక ఆగలేకపోయారు. "అబ్బా, నా అరికాలు!" అని ఒక్క కేక పెట్టి సింహాసనంలో పడ్డారు.

భావనాశాస్త్రి పరుగెత్తుకొచ్చాడు. పట్టుదారం రాజుగారి మణికట్టుకు కట్టించి, తాను తెర వెనక కూర్చుని కళ్లు మూసుకున్నాడు. "వాతం ప్రభూ! నల్లమేక పాలు..."

"వాతమేమిటయ్యా! కాలి కింద కడ్డీ నొక్కుకుంటోంది. ఇటొచ్చి నా అరికాలు చూడు!"

"శివశివా! చూడకూడదు ప్రభూ. నియమం."

"చూడకుండా జబ్బెలా తెలుస్తుందయ్యా నీకు?"

ఆ మాట ఆయన నోటినుంచే వచ్చింది. రాజుగారు ఒక కాలు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఎదురుగా పంజరంలో చిలుక, ఎర్రక్క అందించిన నీళ్లు తాగడానికి లేచి, ఒక కాలు ఎత్తిపెట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎంత చిత్రమో, రాజుకూ పిట్టకూ ఆ క్షణాన తేడాయే లేదు.

"గురవమ్మా," రాజుగారి గొంతు తగ్గింది, "ఇదంతా కావాలనే చేశావా?"

ఎర్రక్క చప్పున పంజరం వెనక్కు జరిగింది. గురవమ్మ మాత్రం నిలబడ్డచోటే నిలబడింది.

"ప్రభూ, తమరు ఒక్క గడియ నిలబడ్డారు. ఆ నోరులేని జీవి రెండేళ్లు నిలబడింది."

గురవమ్మే మళ్లీ అంది. "తప్పు బంగారానిది కాదు, వేయించిన చేతిదీ కాదు. తలల మీద ఉండాల్సినదాన్ని మేమంతా చూస్తూ చూస్తూ కాళ్ల కింద ఉండనిచ్చాం. ఆ కడ్డీని పంజరం పైన కమానుగా పెట్టించండి, దాని గౌరవం దానికుంటుంది. కాళ్ల కిందకు జామకొమ్మ చాలు. బెరడు తియ్యకూడదు. ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా, వంకరటింకరగా ఉండాలి. అప్పుడు కాలు ఒకేచోట నలగదు. ఇక మందంటారా, అది నా పని కాదు. శాస్త్రులవారు ఒక్కసారి ఆ కాలు కళ్లతో చూస్తే చాలు, ఆయనకు తెలియని మందు లేదు."

రాజుగారు తన మణికట్టుకున్న పట్టుదారం తెంపేశారు. "చూడవయ్యా!"

భావనాశాస్త్రి చిలుక దగ్గరకు వెళ్లి, జీవితంలో మొదటిసారి రోగి కాలు చేత్తో పట్టుకున్నాడు. చూడగానే ఆయన కళ్లు చెమర్చాయి. "అయ్యో తండ్రీ, లోపల పుండు పడింది గదరా! దీనికా నేను పాలు పట్టించింది!" అన్నాడు. దారం పట్టుకున్నప్పుడు ఉన్న డాబు ఆయనలో లేదు, వైద్యుడే మిగిలాడు. వేపాకు కాచిన గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడిగించాడు, పసుపుతో లేపం చేశాడు. పుండు మానేదాకా జామకొమ్మకు మెత్తని నూలుగుడ్డ చుట్టించి, రోజూ మార్పించాడు. బాదంపప్పు, నేతి జీడిపప్పు ఆపించి, పండుమిరపకాయలు, జామపళ్లు, మునగాకు, తోటకూర పెట్టించాడు. రోజూ పొద్దున్నే వచ్చి కాలు ఎత్తి చూసేవాడు. ఎర్రక్క పట్టుకునేది.

వారానికి వాపు తీసింది. రెండో వారానికి పొక్కు రాలింది. దసరా నాటికి పండు జామకొమ్మ బెరడు ముక్కుతో చీలుస్తూ, ఈ చివరనుంచి ఆ చివరకు షికార్లు కొడుతోంది.

కొలువు నిండింది. రాయబారులు వరసగా కూర్చున్నారు. చిలుక గొంతు సవరించుకుని బిరుదులందుకుంది. ఒకటి, రెండు, పది, ముప్పై. సభ మైమరచి వింటోంది. ముప్పై మూడోది వచ్చింది.

"అశ్రాంతపాద!" అంది చిలుక గట్టిగా. ఆ వెంటనే, అచ్చం రాజుగారి గొంతుతో, "అబ్బా, నా అరికాలు!" అంది.

ఎర్రక్క కళ్లు మూసుకుంది. రాజుగారి మొహం ఎర్రబడింది. మీసం అదిరింది. తర్వాత ఆ మీసం కిందనుంచి మొదలైన నవ్వు పొట్టదాకా పాకింది. ఆయన పగలబడి నవ్వుతుంటే రాయబారులూ నవ్వారు, సభా నవ్వింది. నవ్వులు విని చిలుక మళ్లీ అదే మాట అంది.

కళ్లు తుడుచుకుని రాజుగారు గురవమ్మను దగ్గరకు పిలిచారు. "ఒక్క నిజం చెప్పు. నీ చెప్పుల్లో నా కాలు ఎన్నడూ నొప్పెట్టలేదే, ఎందుకని?"

గురవమ్మ ఇరవై ఏళ్ల మాటను మెల్లగా, ఆయనకొక్కరికే వినబడేలా చెప్పింది. మేకతోలు మడత, మధ్యలో దూది.

రాజుగారు లేచి, ఆ పాత తోలుచెప్పుల మీదే నిలబడి, అందరూ వినేలా అన్నారు. "ఈ రోజునుంచి నా బిరుదులు నూట ఏడే. ముప్పై మూడోది నాది కాదు, ఈ చేతులది. ఇక మీదట ఈ కోటలో వైద్యుడు రోగిని కళ్లతో చూసిన తర్వాతే మందివ్వాలి, పట్టుదారాలు గాలిపటాలకు పనికొస్తాయి. ఎర్రక్క శుకసార్వభౌముణ్ణి ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒళ్లో పెట్టుకోవచ్చు. ఆ బంగారు పాదుకలు గురవమ్మకు నా బహుమానం!"

గురవమ్మ వాటిని రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుంది. సాయంత్రం కూతురితో కలిసి ఇంటికి నడిచింది.

మర్నాటినుంచి కోట వాకిలి పక్కన పోయేవాళ్లందరూ ఒక్క క్షణం ఆగి తల ఎత్తి చూసేవారు. గురవమ్మ పందిరి గుంజకు, అందరి తలలకూ పైన, బంగారు పాదుకలు ధగధగ మెరుస్తుండేవి. వాటి కింద ఆమె చాప మీద కూర్చుని, ఆరె చేతబట్టి, రాజుగారి కొత్త చెప్పుల్లో దూది పెట్టి కుడుతుండేది.