సంధి రాతి మీది చివరి వాక్యం

ఏటి అవతలి రాజూ ఇవతలి రాజూ మళ్లీ సంధి చేసుకున్నారు. సరిహద్దులో శాసనం చెక్కడానికి శిల్పి నాగోజును పిలిపించారు. కిందటి సంధి రాయి చెక్కిందీ అతనే. ఆ సంధి తప్పి రాజులు చేసిన యుద్ధంలోనే అతని కొడుకు పోయాడు.

శాసనం చివర శాపం చెక్కడం ఆనవాయితీ. సంధి తప్పినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని. అక్కడికొచ్చేసరికి నాగోజు ఉలి ఆగింది.

"ఏమిటా ఆలస్యం?" ఇవతలి రాజు గద్దించాడు.

"మహాప్రభూ, కిందటిసారీ ఇదే శాపం చెక్కాను. అది కోట దాకా రాలేదు, మా గుడిసెల మీదే పడింది. ఈసారి మార్చి చెక్కమంటారా? సంధి తప్పిన రాజు కన్నకొడుకే యుద్ధంలో ముందు వరసన నిలబడాలని."

రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది. "ఎంత పొగరురా నీకు!"

"తప్పే ఉద్దేశం తమకు లేనప్పుడు ఆ మాట ఎవరిని ఏం చేస్తుంది ప్రభూ?"

అవతలి రాజు కళ్లార్పకుండా ఇటే చూస్తున్నాడు. కాదన్నవాడే రేపు తప్పబోయేవాడని తేలిపోతుంది. ఇవతలి రాజు పక్కనున్న యువరాజు వైపు ఒకసారి చూశాడు.

"సరే, చెక్కు," అన్నాడు కత్తి మీంచి చెయ్యి తీసి. అవతలి రాజుకూ తల ఊపక తప్పలేదు.

నాగోజు ఆ వాక్యాన్ని అన్నిటికన్నా లోతుగా దించాడు. అతను బతికున్నంత కాలం మరో సంధి రాయి చెక్కాల్సిన పని పడలేదు.