కందూ అన్నందుకు కొరడా దెబ్బలు

బంతులు కుట్టే మాచవ్వకు ఒళ్ళు మండిపోతోంది. కాళ్ళతో బంతి తన్నే పాదకందుక క్రీడను ‘కందూ’ అన్నదని భటులు ఆమెను పనిసంచితో సహా సభకు ఈడ్చుకొచ్చారు. ఏటి అవతలివాళ్ళు ఆ ఆటలో కోట జట్టును ఓడించినప్పటి నుంచీ, వాళ్ళ నోట వినపడే ఆ మాటంటేనే మంత్రి నరహరికి గిట్టదు.

"అది అవతలి ఒడ్డు మోటు మాట. పది కొరడా దెబ్బలు!" అన్నాడు మంత్రి.

"పలికినందుకే పది దెబ్బలా? మరి పుట్టించినవాడికో?" అంది మాచవ్వ.

"వాడు దొరికితే ఇరవై!" మంత్రి మాటకు రాజు కూడా సరేనన్నాడు.

మాచవ్వ సంచిలోంచి ఓ పాత బంతి తీసి మంత్రికి చూపింది. "మీ ఇంటి నుంచే బాగుచేయమని వచ్చింది దొరా. మీ చిన్నప్పుడు మా అయ్య కుట్టాడు. బంతి ఎవరిదో వాళ్ళు చెప్పిన మాట తోలు లోపలివైపు రాయడం మా ఆనవాయితీ."

తోలుకత్తితో కుట్లు చర్రున తెంపి, లోపలివైపు తిరగేసి రాజు చేతికిచ్చింది. రాజు పైకే చదివాడు: "ఈ ఆటకు కందూ అని పేరు పెట్టింది నేనే. ఇట్లు, నరహరి."



"మీరంటే ముద్దుపేరు, మేమంటే మోటా?" మాచవ్వ అక్కడే నేలమీద చతికిలబడింది. "ముందు ఆ ఇరవై కానివ్వండి. నా పది కోసం నేనెక్కడికీ పోను."