రాగిరేకు మీద దయ

దారిలో దండం పెట్టలేదని సిద్ధమ్మ మొగుణ్ణి దొర ఖైదులో వేయించాడు. సిద్ధమ్మది రాగిరేకుల మీద బొమ్మలు చెక్కే పని. ఆ దొరే ఆమెను పిలిపించాడు.

"నా ముఖం చెక్కు. దయ ఉట్టిపడాలి. లేకపోతే నువ్వూ ఖైదుకే!"

"రాగి మీద పడ్డ గీత చెరగదు దొరా. చూడని దయను ఎలా చెక్కను? ఒక ఖైదీని వదలండి, అప్పుడు మీ ముఖం చూస్తాను."

దొర ఒకణ్ణి వదిలాడు.

"ఇది డాబండీ, దయ కాదు."

ఇంకొకణ్ణి వదిలాడు.

"ఇది విసుగు."

సాయంత్రానికి ఆమె మొగుడితో సహా ఖైదంతా ఖాళీ అయింది.

దొర పళ్ళు నూరాడు. "క్షమించడానికి ఇంకెవరున్నారే?"

"పొద్దుట్నించి ఒక్క గీతైనా గీయని నేనున్నానుగా!"

దొరకు నవ్వాగలేదు. సిద్ధమ్మ చప్పున ఉలి అందుకుంది.

"కదలకండి దొరా, ఇదే!"