నరసమ్మ నెత్తి మీద ఎరుపు

"ఎవరూ అడగని నిజాన్ని నేర్చుకోవడం ఎందుకు మాస్టారూ?" అని అడిగాడు గౌరినాయుడు. అడిగాడనడం మర్యాద కోసం. అసలు సంగతి చెప్పాలంటే దెబ్బలాటకే వచ్చాడు. చెప్పులు కూడా గుమ్మంలో విడవలేదు.

జోగారావు మాస్టారు విజయనగరంలో గంటస్తంభం దగ్గర, ఒక జెరాక్సు కొట్టు మీది గదిలో బిమ్ నేర్పేవారు. ఇంటిని నేల మీద కట్టే ముందు ఒకసారి కంప్యూటరులో కట్టి చూసుకోవడమే ఆ విద్య. గోడ, బీము, కిటికీ, నీళ్ల పైపు, ప్రతిదాన్నీ అసలు కొలతతో దాని చోట పెట్టాలి. రెండు వస్తువులు ఒకే చోటికి వచ్చి గుద్దుకున్నాయంటే అక్కడ ఎర్రగా కనిపిస్తుంది. కాగితం మీది ప్లానులో ఆ గొడవ తెలియదు, కట్టాక గానీ బయటపడదు. పెద్ద పెద్ద కట్టడాలకైతే సరే, కిందొక కొట్టూ పైనొక ఇల్లూ కట్టుకునేవాళ్లకు ఇంత హంగామా ఎందుకని ఊళ్లో నవ్వేవాళ్లు చాలామందే ఉండేవారు. పెద్ద భవనం కూలితే వార్త పేపర్లో వస్తుంది, చిన్న ఇల్లు కూలితే ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది, అందుకే నేను చిన్న ఇళ్లకు నేర్పుతున్నాను అనేవారు మాస్టారు.

ఆయనకొక అలవాటు ఉండేది. గోడ గీయకముందే ఆ ఇంట్లో ఉండబోయే మనుషుల్ని మోడల్లో పెట్టించేవారు. కంప్యూటరు తనంతట తాను ఇచ్చే మనిషి బొమ్మలు కోటు వేసి టై కట్టిన దొరలు, చేతిలో తోలు సంచీతో నడిచిపోయే దొరసానులు. వాళ్లను చూస్తే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. "వీడెవడయ్యా? వీడి కోసమా ఇల్లు కడుతున్నావు?" అనేవారు. ఆయన దగ్గర నేర్చుకునే మేము ఆ ఇంటికి వెళ్లి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఏ పని ఎలా చేసుకుంటారో చూసి వచ్చి, పీట మీది ముసలమ్మనీ పడక్కుర్చీలో పెద్దాయననీ బొమ్మలు చేసి, పేర్లు రాసి పెట్టాలి. వెనకాల మేము ఆయన్ని బొమ్మలకొలువు మాస్టారు అని పిలుచుకునేవాళ్లం. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఇక గౌరినాయుడి గొడవ. అతను పగలు వరహాలు అనే కాంట్రాక్టరు ఆఫీసులో పని చేస్తూ, సాయంత్రాలు మా దగ్గరికి వచ్చేవాడు. అదే అతని మొదటి ఉద్యోగం. ఇంట్లో ఇంకెవరికీ జీతం లేదు. వరహాలు చేతిలో అప్పుడు అప్పలనరసమ్మ ఇల్లు ఉంది. ఆవిడ చాలా ఏళ్లు ఒకరి వరండాలో కుట్టుమిషను వేసుకుని ఊరందరికీ జాకెట్లు కుట్టిన మనిషి. ఇన్నాళ్లకు సొంతంగా కింద కొట్టు, పైన రెండు గదుల ఇల్లు కట్టుకుంటోంది. నాయుడు నేర్చుకున్న విద్య ప్రకారం ముందు నరసమ్మను కొట్లో మిషను ముందు కూర్చోబెట్టి, తర్వాత గోడలు లేపాడు. అంతా పెట్టి చూస్తే, సరిగ్గా ఆవిడ నెత్తి మీద ఎర్రగా వెలిగింది. పై స్నానాల గది పైపు, మేడ బరువంతా మోసే బీములోంచి దూసుకుపోతోంది.

పరిగెత్తుకెళ్లి వరహాలుకు చూపించాడు. స్లాబు వేసే రోజు దగ్గర పడింది, ఇప్పుడైతే పైపు దారి మార్చుకోవచ్చని చెప్పాడు. కోడిగుడ్డుకు ఈకలు పీకకన్నాడు వరహాలు. బీము పోశాక నాలుగు దెబ్బలు కొట్టి పైపు దూర్చేస్తామనీ, ఎన్ని ఇళ్లకు అలా చెయ్యలేదనీ, ముందు ఆ ఎరుపు తీసెయ్యమనీ అన్నాడు. నరసమ్మ ఇల్లు చూస్తానంటోంది, ఎర్రగా కనిపిస్తే లేనిపోని భయం పెట్టుకుంటుందట. తియ్యకపోతే పనిలోకి రానక్కర్లేదు కూడానట.

నాయుడు తీసేశాడు. అందుకు ఆ కంప్యూటరులో ఒక మీట ఉంటుంది, 'అప్రూవ్డ్' అని. సంబంధించిన వాళ్లందరూ చూశారు, సరేనన్నారు అని దాని అర్థం. అది నొక్కితే పైపు అక్కడే ఉంటుంది, బీమూ అక్కడే ఉంటుంది, రంగొక్కటే పోతుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. బీము బలమంతా లోపలి ఇనుములో ఉందని వరహాలుకు తెలియదా? తెలుసు. కొట్టేటప్పుడు సమ్మెట ఆ ఇనుమును కూడా వదిలిపెట్టదని తెలుసు. ఆ కన్నానికి సిమెంటు పూసి, దాని మీద సున్నం కొట్టి, గృహప్రవేశం నాడు మొదటి బంతిలో కూర్చుని పూర్ణాలు తినే పెద్దమనుషుల్ని తలుచుకుంటే నాకు ఈ రోజుకీ ఒళ్లు మండుతుంది. ఇల్లు కట్టుకునేవాడి నమ్మకం తప్ప వాళ్ల పునాదిలో ఇంకేమీ లేదు.

ఆ సాయంత్రమే నాయుడు వచ్చి ఆ ప్రశ్న వేశాడు. ఉన్నది ఉన్నట్టు పెట్టమని మీరు నేర్పారు, ఉన్నది ఉన్నట్టు పెడితే అక్కడ తిండి పోతుంది, ఈ చదువు నన్ను బతికించడానికా చంపడానికా అని నిలదీశాడు. మాస్టారు అంతా విన్నారు. ఏదో అంటారని మేమంతా చూశాం. నరసమ్మకు మోడల్ చూపించేది ఎప్పుడని మాత్రం అడిగారు. రేపు సాయంత్రం అన్నాడు నాయుడు. అయితే ఇక్కడికే తీసుకురమ్మన్నారు, మన దగ్గర తెర పెద్దదన్నారు.

మర్నాడు నరసమ్మ వచ్చింది. కొలతల టేపు మెడలోంచి తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చేసింది. వెనకాల వరహాలు కూడా వచ్చాడు. పెద్ద తెర మీద నాయుడు ఆవిడకు ఇల్లు చూపించాడు. మెట్లెక్కించాడు, వంటింట్లోకి తీసుకెళ్లాడు, కిటికీలోంచి వీధి చూపించాడు. చివరికి కిందికి దింపి కొట్లోకి తెచ్చాడు. మిషను ముందు కూర్చున్న బొమ్మను ఆవిడ కాసేపు అలా చూసింది.

"ఇది నానేనా బాబూ?" అని, ఫొటోకు కూర్చున్నప్పటిలా కొంగు సర్దుకుంది.

మోడల్ మల్లెపువ్వులా ఉంది. ఎక్కడా ఒక మచ్చ లేదు. వరహాలు తన చేత్తోనే గీసినంత సంబరంగా నవ్వుతున్నాడు. అప్పుడు మాస్టారు కుర్చీ లాక్కుని నాయుడి పక్కన కూర్చున్నారు. ఆయనకు బాగా కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఆ రోజు మాకు వినబడీ వినబడనట్టు మాట్లాడారు.

"బాగుంది నాయుడూ. ఎరుపు చెరిపేశావు. ఆవిణ్ణి కూడా చెరిపెయ్. ఇంక ఏ గొడవా ఉండదు."

నాయుడు మాస్టారి వైపు చూశాడు. ఆయన తెర వైపే చూస్తున్నారు. మాస్టారు చెప్పాక చెయ్యకపోవడం ఆ గదిలో లేదు. బాణం గుర్తు తీసుకెళ్లి నరసమ్మ బొమ్మ మీద పెట్టాడు. బొమ్మ చుట్టూ నీలం గీత వచ్చింది. ఇక ఒక్క మీట నొక్కితే సరిపోతుంది. వేలు ఆ మీట మీదికి వెళ్లింది, వెళ్లి అక్కడే ఉండిపోయింది. వరహాలు అదేదో వేళాకోళం అనుకుని ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నరసమ్మ మాత్రం నవ్వలేదు.

"నన్నెందుకు బాబూ సెరిపీడం? నానేటి సేసినాను?"

మాస్టారు అది తనను అడిగిన ప్రశ్న కానట్టు కిటికీ వైపు తిరిగారు. నాయుడు మీట మీంచి వేలు తీసి, చేసిన దొంగ సమ్మతిని రద్దు చేశాడు. నరసమ్మ నెత్తి మీద మళ్లీ ఎర్రగా వెలిగింది. అదేమిటో, ఎందుకు వచ్చిందో, దాన్ని ఎవరు ఎందుకు దాచమన్నారో, తను ఎలా దాచాడో అన్నీ చెప్పాడు.

ఇది అందరూ చేసేదేనని వరహాలు సర్దబోయాడు. నరసమ్మ అతన్ని మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

"నా నెత్తి మీదున్నదానికి మీలో మీరే సరే అనీసుకున్నారేటి? ఆ కుర్సీలో కూకునేది ఎవులు?"

పైపును బీములోంచి తీసుకెళ్లకపోతే వీధి గోడ మీంచి దింపాలనీ, అది నలుగురికీ కనిపిస్తుందనీ, గృహప్రవేశానికి వచ్చినవాళ్లు నవ్విపోతారనీ వరహాలు బెదిరించాడు. నవ్వితే నవ్వనిమ్మంది నరసమ్మ. నవ్వేవాళ్లు నవ్వేసి వాళ్ల ఇళ్లకు పోతారు, రోజూ కూర్చునేది తను కదా అంది. అక్కణ్ణుంచి తిన్నగా ఇల్లు కడుతున్న చోటికి వెళ్లి ఇసక గుట్ట మీద కూర్చుంది. పైపుల పనివాడు వచ్చి కొత్త దారికి గోడ మీద గుర్తులు పెట్టేదాకా లేవలేదు.

స్లాబు ఆ తర్వాతే వేశారు. బీము మీద ఒక్క దెబ్బ పడలేదు. ఆ పైపు ఇప్పటికీ కొట్టు బోర్డు పక్కనే నిలువునా కనిపిస్తుంది. బోర్డు రంగే దానికీ వేయించింది ఆవిడ.

వరహాలు మాట తప్పలేదు. మర్నాడు నాయుణ్ణి గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. ఆ సాయంత్రం అతను మళ్లీ మాస్టారి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఈసారి చెప్పులు విడిచే వచ్చాడు గానీ కోపం విడవలేదు. ఆవిడ ఇల్లు నిలబడింది, నా ఉద్యోగం పోయింది, నేను అడిగినదానికి మీరు ఇప్పటికీ జవాబు చెప్పలేదు అన్నాడు.

మాస్టారు ఎవరో కుర్రాడి కొత్త మోడల్లోంచి ఒక కోటు దొరను పీకేస్తున్నారు. తల తిప్పకుండానే అన్నారు.

"ఆవిడ దగ్గరికి వచ్చేసరికి నీ వేలు ఆగింది కదా నాయుడూ. ఈసారి ఇంకొంచెం ముందు, ఎరుపు దగ్గరే ఆగనీ."