మన్మథుడి ఉపవాసం

ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా పని చెప్పడం కంబగిరి స్వామికి అలవాటు. మాయ అంటే ఏమిటని అడిగిన ఒక లెక్చరరు చేత ఆయన గంపెడు చింతపండుకు గింజలు తీయించారని, దేవుడున్నాడా అని అడిగిన ఇంకొకాయన చేత వంటశాల పొయ్యిలో బూడిద ఎత్తించారని ఆశ్రమానికి వచ్చిపోయేవాళ్లు చెప్పుకునేవారు. వాళ్లకు జవాబు దొరికిందో లేదో తెలియదు గానీ, ఆ తర్వాత ఆదోని చుట్టుపక్కల స్వామిని ప్రశ్నలడిగేవాళ్లు బాగా తగ్గిపోయారు. నరహరి కూడా తన ప్రశ్నను చాలాకాలం మనసులోనే దాచుకున్నాడు.

నరహరి ఒకప్పుడు ప్రభుత్వ హాస్టల్లో వార్డెను. ఉద్యోగం చాలించుకుని, భార్యాపిల్లలు లేరు గనక వెనక్కి చూసుకునే పని లేక, కొండ పక్కనున్న ఆ చిన్న ఆశ్రమానికి వచ్చి స్వామికి శిష్యుడయ్యాడు. కాషాయం కట్టాడు గానీ అతనిలోని వార్డెను ఎక్కడికీ పోలేదు. భజనలో తాళం తప్పినవాళ్లను, చెప్పులు అడ్డదిడ్డంగా విడిచినవాళ్లను, ప్రసాదానికి రెండోసారి చెయ్యి చాపినవాళ్లను కసిరేవాడు. కసిరాక బాధపడేవాడు. బాధపడి ఉపవాసం ఉండేవాడు. ఉపవాసం ఉన్న రోజు మామూలుకంటే ఎక్కువ కసిరేవాడు. తిథుల ఉపవాసాలకు ఈ ప్రాయశ్చిత్తపు ఉపవాసాలు కూడా తోడయ్యేసరికి, వంటశాల చూసే తాయమ్మకు అతనికి విస్తరి ఎప్పుడు వేయాలో, ఎప్పుడు వేయకూడదో అంతుబట్టేది కాదు. గుండె కింద ఏదో ఒక మంట అతనికి ఎప్పుడూ సన్నగా రగులుతూ ఉండేది. అది తపోగ్ని అయి ఉంటుందని అతను లోలోపల కొంచెం గర్వపడేవాడు కూడా.

ఒకనాడు ఒక ముసలావిడ హారతిని ఎడమచేత్తో అద్దుకుందని ఆమె కళ్ల నీళ్లు పెట్టుకునేదాకా కసిరాడు. ఆమె కుడిచేయి పక్షవాతంతో పడిపోయిందని తర్వాత తెలిసింది. ఆ సిగ్గుతో స్వామి ముందుకు వెళ్లి నిలబడి, దాచుకున్న ప్రశ్న అడిగేశాడు.

"స్వామీ, ఉప్పు మానేశాను, కారం మానేశాను, రాత్రి భోజనం మానేశాను. కోపం మాత్రం పోవడం లేదు. ఇంకా ఏం మానమంటారు?"

స్వామి అతని వైపు కాకుండా వాకిలి వైపు చూస్తున్నారు. అక్కడ బ్యాండు మేళం ఓబులేశు ఒక తెల్ల గుర్రాన్ని లోపలికి లాక్కొస్తున్నాడు. గుర్రం అతన్ని బయటికి లాక్కుపోతోంది. స్వామి అన్నారు: "ముందు ఆ గుర్రాన్ని పట్టుకో నాయనా."

పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చే ఆ గుర్రం పేరు మన్మథుడు. ముఖాన జలతారు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఎంతోమంది పెళ్లికొడుకులను బుద్ధిగా మోసిన జంతువు అది. కొంతకాలంగా దాని తీరు మారింది. నడుముకు పట్టీ బిగించబోతే పళ్లు చూపిస్తోంది. డోలు చప్పుడుకు వెనక్కాళ్లు ఝాడిస్తోంది. మొన్నటికి మొన్న ఎమ్మిగనూరులో ఒక పెళ్లికొడుకును బాసికంతో సహా మురిక్కాలువలో దించింది. పెళ్లివారు ఓబులేశును తరిమారు. అమ్ముదామంటే కొనేవాడు లేడు, చంపుకోవడానికి మనసొప్పలేదు. స్వాముల దగ్గర ఉంటేనన్నా దానికి బుద్ధి వస్తుందేమోనని తోలుకొచ్చానని, కాలు బెణికితే చాలాకాలం నొప్పి బిళ్లలు కూడా మింగించానని చెప్పి, తాడు నరహరి చేతిలో పెట్టి, ఓబులేశు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

ఇది తనకు గురువు పెట్టిన పరీక్ష అని నరహరికి వెంటనే అర్థమైంది. కోపాన్ని జయించే విద్య ముందు గుర్రానికి నేర్పాలి, నేర్పుతూ తనూ నేర్చుకోవాలి. మన్మథుడు అన్న పేరు ఆశ్రమంలో పిలవడానికి ఎవరికీ నోరు రాదు గనక మొదట దానికి శాంతయ్య అని నామకరణం చేశాడు. తర్వాత దినచర్య పెట్టాడు. తెల్లవారగానే ఆశ్రమం చుట్టూ పరుగు. పరుగయ్యాక, పూజ ముగిశాక, ఒక బకెట్టు ఉలవలు. సాయంత్రం భజనయ్యాక ఇంకో బకెట్టు. మధ్యలో పచ్చి గడ్డిపరక కూడా తాకనివ్వకుండా కొట్టంలో కట్టేయడం. రోజంతా మేస్తూ ఉంటే మనిషికైనా పశువుకైనా ఇంద్రియాలు పొగరెక్కుతాయని అతని నమ్మకం. ఏకాదశి నాడు ఆ రెండు బకెట్లు కూడా లేవు. తను తినని రోజున అది మాత్రం ఎందుకు తినాలి?

శాంతయ్యకు శాంతి కలగలేదు. అది కొట్టం తలుపు కొరికింది. తలుపు అయ్యాక గుంజ కొరికింది. గుంజకు ఆరేసిన నరహరి కాషాయం అంచు నమిలింది. పళ్లు పటపట కొరుకుతూ, మాటిమాటికీ మెడ తిప్పి తన డొక్క వైపే చూసుకునేది. అది ఆత్మపరిశీలన చేసుకుంటోందని నరహరి తాయమ్మతో చెప్పాడు. తాయమ్మ గుర్రాన్ని చూసి, అతన్ని చూసి, పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.

ఒక ఆదివారం స్వామి లేని వేళ సత్సంగం చెప్పే భారం నరహరి మీద పడింది. విషయం సహనం. భక్తులు వచ్చి కూర్చునేలోపు గుర్రానికి నడుము పట్టీ అలవాటు చేసి వద్దామని కొట్టంలోకి వెళ్లాడు. పట్టీ బిగించాడో లేదో, శాంతయ్య మెడ తిప్పి అతని భుజాన్ని పళ్లతో గట్టిగా పట్టి వదిలింది. ఆ తర్వాత నరహరి నోటినుంచి వచ్చిన మాటలు హాస్టలు రోజుల్లోవి. అవి గోడ దాటి, చాప మీద కూర్చున్న భక్తులందరికీ స్పష్టంగా వినిపించాయి. భుజం పట్టుకుని అతను బయటికి వచ్చేసరికి చాప మీద ఎవరూ తలెత్తడం లేదు. కొందరు నవ్వాపుకుంటున్నారు. ఆ రోజు సహనం గురించి అతను చాలా క్లుప్తంగా మాట్లాడాడు.

మర్నాడు గుర్రం ఉలవలు రెండు బుక్కలు తిని బకెట్టు వదిలేసింది. ఆ మర్నాడు అసలు ముట్టలేదు. పక్కటెముకలు బయటపడ్డ ఒంటితో పడుకుని, లేచి, మళ్లీ పడుకుని, చెమటలు కక్కుతూ డొక్క వైపు చూసుకుంది. అతను కొట్టంలోకి వెళితే కరవడానికి తల కూడా ఎత్తలేదు. అంతకాలం కరిచినప్పుడల్లా దాన్ని తిట్టుకున్న నరహరికి, అది కరవకపోవడం చూసి భయం వేసింది. నేను దీన్ని బాగు చేయడం లేదు, చంపుతున్నాను అన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఊళ్లోని పశువుల ఆసుపత్రికి నడిచాడు.

పశువుల డాక్టరు షాహీనా చిన్న వయసుదే గానీ, చదువుకునేటప్పుడు గుర్రాల ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన మనిషి. ఆమె స్కూటరు మీద వచ్చి గుర్రం చిగుళ్లు చూసింది, డొక్క మీద చెవి పెట్టి పేగుల చప్పుడు వింది, నోరు తెరిచి పళ్లు చూసింది, కొరికిన గుంజను కూడా చూసింది. ఏం పెడుతున్నారని అడిగితే నరహరి దినచర్య మొత్తం అప్పజెప్పాడు. ఇంతకుముందు ఏ మందులు వాడారని అడిగితే, కాలు బెణికిందని ఓబులేశు చాలాకాలం నొప్పి బిళ్లలు మింగించాడని చెప్పాడు. ఏకాదశి సంగతి వచ్చేసరికి ఆమె రాసుకోవడం ఆపింది.

"దీనికి ఉపవాసం నేర్పింది ఎవరు స్వామీ?"

ఆమె ఓపిగ్గా చెప్పుకొచ్చింది. పెద్ద పట్నంలోనైతే గొట్టం వేసి చూసి కచ్చితంగా చెప్పొచ్చు గానీ, లక్షణాలన్నీ కడుపులో పుండ్లవే. మనిషి కడుపు వేరు, గుర్రం కడుపు వేరు. తిన్నా తినకపోయినా దాని కడుపులో పులుపు ఊరుతూనే ఉంటుంది. గడ్డి నములుతున్నంతసేపూ లాలాజలం దిగి ఆ పులుపును చల్లబరుస్తుంది. గంటలకొద్దీ ఖాళీగా కట్టేస్తే ఆ పులుపు దాని కడుపునే తినేస్తుంది. ఖాళీ కడుపుతో పరుగెత్తిస్తే ఆ పులుపు పైకి చింది కడుపు పైభాగం కూడా కాలుతుంది. ఒక్కసారిగా బకెట్టెడు గింజలు పోస్తే ఇంకా చెడ్డది, నొప్పి బిళ్లలు మరీ చెడ్డవి. అంత మంట పెట్టుకున్న గుర్రానికి నడుముకు పట్టీ బిగిస్తే అది కరవక ముద్దు పెడుతుందా? మందు తెప్పిస్తానంది. కానీ ఆ మందు ఖరీదైనది, ఎల్లకాలం మింగించేది కాదు.

"మందు మంట ఆర్పుతుంది. మీరు రోజూ మళ్లీ రాజేస్తే మందేం చేస్తుంది? దాని ముందు ఎప్పుడూ గడ్డి ఉండాలి. అంతే."

అంతే అన్నది గానీ, ఎప్పుడూ గడ్డి ఉండేలా చూడడం అంటే ఏమిటో నరహరికి పనిలోకి దిగాక తెలిసింది. ఆశ్రమంలో గడ్డివామి లేదు. పప్పుజాతి మేత కడుపుకు మంచిదని, వేరుశనగ కట్టె, అంటే కాయలు కోశాక మిగిలే ఎండు మొక్క, బూజు పట్టకుండా ఉంటే గడ్డిలో కలిపి పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడే చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ పీకడం అయింది. కాషాయం కట్టినవాడు భిక్షకు వెళ్లడంలో తప్పు లేదు గనక జోలెకు బదులు గోతం పట్టుకుని కళ్లాలకు వెళ్లాడు. బియ్యం తెచ్చిన ఒక రైతు భార్యతో, బియ్యం వద్దమ్మా, వేరుశనగ కట్టె కావాలి అన్నాడు. అతని ఉపవాసాల సంగతి ఆ పల్లెలన్నింటికీ తెలుసు. ఆమె అతని ఎండిన ముఖం చూసి జాలిపడింది.

"అయ్యో, ఆఖరికి అది తింటున్నారా సామీ?"

వెనక కట్టె మోస్తున్న కూలీలు మోపులు దించుకుని మరీ నవ్వారు. కసరడానికి నోరు తెరిచిన నరహరి, కట్టె ఇవ్వరేమోనన్న భయంతో మూసుకున్నాడు. ఆమె కట్టెతో పాటు ఒళ్లో ఇన్ని వేయించిన వేరుశనగ కాయలు కూడా పోసింది.

పెట్టిన మేత గుర్రం గబగబా తినేసి మళ్లీ ఖాళీగా నిలబడుతోందని, చిన్న కన్నుల వల అల్లి అందులో పెట్టి వేలాడదీయమంది డాక్టరమ్మ. ఒక్కో పరకే లాక్కుంటూ ఎంతోసేపు నములుతుందట. నరహరి పాత తాళ్లు పోగుచేసి కొట్టంలోనే కూర్చుని వల అల్లాడు. మొదటి వలను గుర్రం మేతతో పాటు తినబోయింది. రెండోది కాస్త వలలా కుదిరింది. ఒంటరిగా ఉంటే గుర్రానికి దిగులని విని, ఆశ్రమానికి నీళ్లు మోసే గాడిదను పక్కన కట్టాడు. ఆ రెంటికీ ఎంత స్నేహం కలిసిందంటే, గాడిద నీళ్లకు వెళితే గుర్రం అది వచ్చేదాకా దారి వైపే చూసేది. ఉలవలు బాగా తగ్గించి, ఆ కాసిన్నీ కొంచెం కొంచెంగా పెట్టాడు. పొద్దుటి పరుగు మాన్పించి, కొండవాలున తాడు లేకుండా వదిలాడు. అక్కడే ఒక చిక్కొచ్చిపడింది. శాంతయ్యా అని ఎంత అరిచినా అది తల తిప్పేది కాదు. దాంతో సాయంత్రమయ్యేసరికి, దర్శనానికి వచ్చిన ఆడవాళ్లందరి ముందూ, కాషాయం కట్టిన నరహరి కొండ అంచున నిలబడి "మన్మథా! మన్మథా!" అని గొంతెత్తి పిలవాల్సి వచ్చేది. మొదట్లో సిగ్గుపడ్డాడు. తర్వాత, చీకటి పడేలోపు రాదేమోనన్న బెంగలో సిగ్గు సంగతి మర్చిపోయాడు.

మందు అయిపోయాక కూడా గుర్రానికి జబ్బు తిరగబెట్టలేదు. పక్కటెముకలు కండతో కప్పుకుపోయాయి, ఒళ్లు మెరుపెక్కింది. నడుము మీద చెయ్యి వేస్తే చెవులు కదిపి ఊరుకునేది. నరహరి రోజంతా దాని పక్కనే మేత సర్దుతూ, వల బాగుచేస్తూ, పల్లెల్లో ఇచ్చిన వేరుశనగ కాయలు ఒలుచుకుని నోట్లో వేసుకుంటూ ఉండేవాడు. అది నమిలితే ఇతనూ నమిలేవాడు. వేళకు తాయమ్మ కొట్టంలోకే విస్తరి పంపేది. ఉపవాసం ఉందామని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు గానీ, గోతాలు మోయాల్సిన రోజున అది కుదరలేదు. గుండె కింది మంట ఎప్పుడు ఆరిందో అతను గమనించనే లేదు. ఎడమచేత్తో హారతి అద్దుకునే ఆ ముసలావిడ మళ్లీ వచ్చినప్పుడు, అతనే ఎదురెళ్లి, పళ్లెం ఆమె చేతికి అందేలా వంగి పట్టుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఒక రిటైరైన తహసీల్దారుగారు కొన్నాళ్లు నియమంగా గడిపి వెళదామని ఆశ్రమానికి వచ్చారు. ఆయన వరండాలో కూర్చుని చూస్తున్నారు. పొద్దున గుర్రం నములుతోంది. మధ్యాహ్నం నములుతోంది. సాయంత్రం స్వామి బయటికి రాగానే ఆయన లేచి నిలబడి, పవిత్రమైన చోట ఇదేమి క్రమశిక్షణ అని, జంతువైనా సరే తిండికి ఒక వేళాపాళా ఉండాలని, చూసుకునే ఆ శిష్యుడికైనా తెలియదా అని గట్టిగానే అన్నారు. తాయమ్మ వంటశాల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నరహరి సంగతి తెలిసినవాళ్లంతా అతని వైపు తిరిగారు. నరహరి ఒళ్లో ఉన్న పొట్టు దులుపుకుని లేచి, కాసిని వేరుశనగ కాయలు తెచ్చి తహసీల్దారుగారి దోసిట్లో పోసి, వెళ్లి వలలోకి మేత ఎగదోశాడు.

తహసీల్దారుగారు కాయల వైపు, స్వామి వైపు మార్చి మార్చి చూశారు. స్వామి ఆయన పక్కన గట్టు మీద కూర్చుని, ఆయన దోసిట్లోంచి ఒక కాయ తీసుకుని ఒలిచారు.

"తిననీ నాయనా," అన్నారు. "పాపం, దానికిప్పుడు కరవడానికి తీరిక లేదు."