పట్టుబట్ట కింద ఏముంది?

అనగనగా గంధగిరి అనే రాజ్యం, ఆ రాజ్యానికి విజయపాలుడనే రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి ఒక ఏనుగు, రెండోవాడికి ఒక ఎద్దు, మూడోవాడికి ఒక గుర్రం. మూడోవాడి పేరు ఉదయకేతుడు, అతని గుర్రం పేరు ముత్యం.

ఉదయకేతుడికి ఒకచోట కుదురుండదు. అన్నం ముందు కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంటుంది, సభలో నిలబడ్డా కళ్లు మూలమూలలూ వెతుకుతూనే ఉంటాయి.

"అరికాళ్లలో చీమలున్నాయేమిట్రా నీకు!" అని అన్నలు వేళాకోళం చేసేవారు.

ఏడు సముద్రాల అవతల దీవిలో కరాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు గంధగిరి నుంచి ఒక్కో జంతువునూ తీసుకుపోయి, ఏడాది ఆటలు నేర్పి, దసరా నవరాత్రుల్లో పట్టుబట్ట కప్పి తెచ్చి ఊరేగింపులో నిలబెట్టేవాడు. డప్పు మోగగానే అది ముందుకాళ్లెత్తి ఆడేది. ముందుగా రాజు చప్పట్లు కొట్టి మీసం దువ్వుకునేవాడు, ఆ వెంటే జనం చప్పట్లు కొట్టేవారు. పున్నమి నాడు వాడు దాన్ని మళ్లీ దీవికి తోలుకుపోయేవాడు. ఆ పోయింది ఇక తిరిగి వచ్చేది కాదు. ఏనుగు అలాగే పోయింది. ఎద్దు అలాగే పోయింది. ఈ దసరాకి ముత్యం వచ్చింది.

ఉదయకేతుడు పరుగెత్తుకెళ్లి చెయ్యి చాచాడు. ముత్యం ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. అంతలో డప్పు మోగింది.

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగి ఆ గుర్రాన్ని చూడండి. చెవులు వెనక్కి అంటుకుపోయాయి. కళ్లలో తెల్లగుడ్డు కనిపిస్తోంది. తోక కాళ్ల మధ్యకి ముడుచుకుపోయింది. జనం దాన్ని ఆట అనుకున్నారు. ఉదయకేతుడు అది వణుకు అనుకున్నాడు. పట్టుబట్ట అంచు ఎత్తి చూశాడు. లోపల పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. వీపు మీద పుండు, పుండు మీద ఈగలు.

"సముద్రప్రయాణం కదా బాబూ, బడలిక," అంటూ కరాళుడు దగ్గి, బట్ట కిందికి లాగేశాడు.

ఉదయకేతుడు సభకి పరుగెత్తాడు. "నాన్నగారూ, కరాళుడు ముత్యాన్ని హింసిస్తున్నాడు!"

"ఎవరు ఫిర్యాదు తెచ్చినా నేనడిగేవి మూడే," అన్నాడు రాజు. "ఏం చూశావు? ఎక్కడ జరుగుతోంది? ఎన్నాళ్లుగా జరుగుతోంది?"

ఉదయకేతుడి దగ్గర మొదటిదానికే జవాబుంది.

"పున్నమి ఇంకా తొమ్మిది రోజులుంది. అప్పటిదాకా గుర్రం ఇక్కడే ఉంటుంది. ఆ తరవాత నేను కరాళుడికిచ్చిన మాట ప్రకారం వెళ్లిపోతుంది," అన్నాడు రాజు.

పెద్దన్న నిట్టూర్చాడు. "నా ఏనుగు కోసం నేనూ ఆ దీవికి వెళ్లానురా. రాకుమారుణ్ణి కదా, శంఖాలు ఊదించుకుంటూ వెళ్లాను. నేను పడవ దిగేసరికి శాల కడిగి ముగ్గులు పెట్టేశారు."

"నేను చెప్పకుండానే వెళ్లాను," అన్నాడు రెండో అన్న. "చూడగానే ఒళ్లు మండి కత్తి దూశాను. వాడు మంత్రం వేసి విసిరితే మన రేవులోనే వచ్చి పడ్డాను. ఏం చూశావని నాన్నగారు అడిగితే, కోపంలో ఒక్కటీ గుర్తులేదు."

"మరి నేను?"

"నువ్వు కుదురుగా కూర్చో, చాలు!"

అదే కదా అతనికి చేతకానిది! సముద్రతీరానికి వెళ్లాడు. అక్కడొక పెద్ద తాబేలు, మెడకి వలతాడు బిగుసుకుని గిలగిల్లాడుతోంది. అతను ఉప్పునీళ్లతో తడుపుతూ, తాడును పోగుపోగుగా కోశాడు.

"వీపెక్కు నాయనా," అంది తాబేలు. "మెడ మీద మాత్రం కాలు పెట్టకు, ఇంకా మంటగా ఉంది."

ఒక సముద్రం దాటారు, కుదురు లేదు. మూడు సముద్రాలు దాటారు, కంటిమీద కునుకు లేదు. ఏడు సముద్రాలు దాటేసరికి నాలుగు రోజులైంది.

దీవిలో శాల ఉంది. తొట్టిలో నీళ్లు లేవు, ఎండిన పాచి పెచ్చులు మాత్రం ఉన్నాయి. పడుకోవడానికి వీల్లేకుండా జంతువులన్నిటినీ పొట్టి తాళ్లతో కట్టేశారు. ఒక అమ్మాయి తాను తాగే చెంబులోని నీళ్లు వాటికి దోసిలితో పడుతోంది. పేరు హేలావతి. ఆ దీవి రాజు కూతురు. తండ్రి పోయాక మాంత్రికుడు ఆమె చేత శాల ఊడిపిస్తున్నాడు.

"కొనడానికొచ్చావా?" అందామె.

"చూడడానికొచ్చాను."

"చూసి?"

"వెళ్లి చెప్పడానికి."

"చూసినవాళ్లు చాలామందే ఉన్నారు," అంటూ ఆమె నడుముకి చుట్టుకున్న దారం విప్పింది. నీళ్లు పెట్టని ప్రతి రోజుకీ ఒక ముడి. చనిపోయిన జంతువుకి నల్లముడి.

ఉదయకేతుడి చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. చిన్నన్న గుర్తొచ్చాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, తాడు ఎన్ని మూరలో కొలిచాడు, తొట్టి తడిమాడు, ప్రతి మూలా చూశాడు.

చివరి మూలలో కుండంత పంజరం, అందులో ఒక చిలక. తోక వంగిపోయి ఉంది. రొమ్ము మీది ఈకలు తానే పీక్కుంది. గిన్నెలో గింజల పొట్టు, పచ్చబడ్డ నీళ్లు.

"వాడి ప్రాణం నాలోనే ఉంది, నా ఒంటికైంది వాడి ఒంటికీ అవుతుంది. ఎక్కడ ఎగిరిపోతానో అని ఇందులో కుక్కాడు," అంది చిలక. "నా మెడ నులిమెయ్. వాడి పని ఐపోతుంది."

"మరి నీ సంగతి?"

"నేనూ పోతాను. పర్లేదులే."

"పర్లేదని ఎవరన్నారు?" అంటూ అతను గిన్నె కడిగి మంచినీళ్లు పోశాడు. చిలక ఒక గుక్క మింగింది. అదే క్షణంలో గంధగిరి సభలో కరాళుడి పాత దగ్గు ఆగింది. చిలక దగ్గరికి ఎవరో చేరారని వాడు హడలిపోయాడు.

"నేనిప్పుడే బయలుదేరాలి!"

"మాటంటే మాట. పున్నమి దాకా ఆగు," అన్నాడు రాజు.

అన్ని తాళ్లూ విప్పి, తొట్టి నింపి, హేలావతితో, చిలకతో తాబేలు ఎక్కాడు ఉదయకేతుడు. పున్నమి నాటి పొద్దున్న రేవు చేరేసరికి, కరాళుడు ముత్యాన్ని పడవలోకి ఈడుస్తున్నాడు. రాజు ఒడ్డున నిలబడి ఉన్నాడు.

"ఏం చూశావు?"

"పుండ్లు, ఎండిన తొట్టి, రెండు మూరల తాళ్లు."

"ఎక్కడ?"

"కరాళుడి శాలలో, నాలుగు మూలలా."

"ఎన్నాళ్లుగా?"

"నీళ్లు పెట్టని రోజుకొక ముడి," అంటూ హేలావతి దారాన్ని రాజు అరచేతిలో పెట్టింది. రాజు ఒక్కో ముడీ తడుముతూ పోయి, ఒకచోట ఆగాడు.

"ఈ నల్లముడి?"

"మీ ఏనుగు, మహారాజా."

"ఇది?"

"మీ ఎద్దు."

రాజు వెళ్లి తానే ముత్యం మీది పట్టుబట్ట తీసేశాడు. "ముందుగా చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే," అన్నాడు.

కరాళుడు మంత్రదండం ఎత్తబోయాడు. చెయ్యి భుజం దాటి లేవలేదు.

"ఇన్నేళ్లూ నన్ను రెక్క చాపనిచ్చావా?" అంది చిలక. "నా రెక్కలు బిగుసుకుపోయాక నీ చెయ్యెలా లేస్తుంది?"

దండం నీళ్లలో పడి మునిగిపోయింది. ఇక ఏ ప్రాణినీ పెంచకూడదని రాజు వాడికి ఆజ్ఞ వేశాడు. చిలక పంజరం వదిలి తోటలోకి వెళ్లింది. అది ఎగిరిన రోజు వాడి చేతులకి నొప్పి ఉండదు. అందుకే వాడు రోజూ తల పైకెత్తి, అది ఎగిరిందా లేదా అని చూస్తూ కూర్చుంటాడు.

ముత్యం పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఉదయకేతుడు దాని పక్కనే కూర్చున్నాడు. ఒకనాడు అది తనంతట తానే వచ్చి అతని భుజం మీద తల ఆనించింది. ఆడుతున్న అతని కాలు ఆగిపోయింది.

ఆ మాఘంలో ఉదయకేతుడికీ హేలావతికీ పెళ్లయింది. పెళ్లి ఊరేగింపులో ముత్యం పట్టుబట్ట లేకుండా, గజ్జెలు లేకుండా, హాయిగా నడిచింది. వాళ్లు గంధగిరినీ దీవినీ కలిపి అరవై ఏళ్లు ఏలారు. ఆ మూడు ప్రశ్నలూ రేవులో రాతి మీద చెక్కించారు. ఎవరైనా సరే, చిన్నపిల్లలైనా సరే, వచ్చి జవాబు చెబితే చాలు, ఉదయకేతుడు లేచి నిలబడి వినేవాడు.

కథ రేవు దాటింది, మనం ఇంటికొచ్చాం. పదండి, మన పెరట్లో పిట్టల గిన్నెలో నీళ్లున్నాయో లేదో చూసొద్దాం.